చలికాలపు చక్రాలు

సావనీరుకు ఏదైనా ఒకటి వ్రాసి ఇమ్మని మన యూనియన్ మిత్రులు పదిహేను రోజులుగా నా వెంట పడుతున్నారు. కవిత్వం నాకు చేతగాదు. కథ వ్రాద్దామంటే కల్పన రాదు. "సైన్సు విద్యార్థివి, సైన్సు మీదనే వ్రాయరాదూ" అన్నారు. సాపేక్ష సిద్ధాంతం మీద వ్రాసేపాటి చదువు నాకింకా రాలేదు. నాకు స్వయంగా తెలిసినది, తెలుసుకోవడానికి మా ఇంటిల్లిపాదీ కొంత మూల్యం చెల్లించినది ఒక్కటే ఉన్నది. అది బండి చక్రాల సంగతి. ఇదేమి విషయమని నవ్వకండి. చివరిదాకా చదివి, అప్పటికీ నవ్వాలనిపిస్తే నవ్వండి.

మాది బోధన్ నుంచి రుద్రూరు పోయే తోవలో ఒక పల్లె. నల్లరేగడి నేల, నిజాంసాగర్ కాలువ నీళ్ళు. మంజీర నది మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన ఆ ప్రాజెక్టు నీళ్ళతో బోధన్ చుట్టుపక్కల చెరకు పెరిగింది. ఆ చెరకును నమ్ముకొని 1937లో శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. ఒకప్పుడు ఆసియా ఖండంలోనే పెద్దదని దానికి పేరు. మా తాత చెప్పే కథలన్నీ ఆ ఫ్యాక్టరీ గేటు దగ్గర మొదలై, అక్కడే ముగుస్తాయి.

తాత వయసులో ఉన్నప్పుడు చెరకు బండి కట్టేవాడు. మొదట కట్టె చక్రాల బండి. కుండ, ఆకులు, పూటీలు వడ్లాయన చేస్తే, చుట్టూ ఇనుప కమ్మిని కమ్మరాయన ఎక్కించేవాడు. కమ్మిని చక్రం కంటె రవ్వంత చిన్నదిగా చేసి, పిడకల మంటలో ఎర్రగా కాల్చి, అది సాగినప్పుడు చక్రానికి తొడిగి, మీద నీళ్ళు గుమ్మరిస్తే బిగుసుకొని పూటీలన్నిటినీ ఒక్కటిగా పట్టేసేదట. లోహాలు వేడికి వ్యాకోచిస్తాయని మనం పుస్తకంలో చదివినది వాళ్ళకు చేతిలో విద్య. ఆ తరువాత రబ్బరు టైర్ల బండి వచ్చింది. అవే ఎద్దులు, అదే తోవ, బరువు మాత్రం మునుపటి కంటె ఎక్కువ లాగేవట. అయినా వాన పడి తడిసిన చేన్లోకి తాత టైరు బండిని దించేవాడు కాడు. మోపులు నెత్తి మీద గట్టుకు మోయించి, అక్కడ బండికెత్తించేవాడు. "చక్రం మనం మెచ్చినట్టు కాదురా, నేల మెచ్చినట్టు ఉండాలె" అని ఇప్పటికీ అంటాడు. చిన్నప్పటి నుంచి వినీ వినీ నేనా మాటను ఎన్నడూ పట్టించుకోలేదు.

మా బాపు ట్రాక్టరు కొన్నది కూడా చెరకు కోసమే. చలికాలమంటే మాకు క్రషింగ్ సీజను. నరుకుడు, మోపు కట్టుడు, ట్రాలీ నింపుడు, ఫ్యాక్టరీ దగ్గర వరుసలో నిలబడుడు. ట్రాక్టరు వెనక టైర్లు 13.6-28. మొదటి అంకె టైరు వెడల్పు, రెండవది రిమ్ము వ్యాసం, రెండూ అంగుళాలలోనే. ట్రాలీ లాగడానికీ, పొడి చేను దున్నడానికీ అవి చక్కగా సరిపోయేవి.

2002లోనే ఫ్యాక్టరీలో ఎక్కువ వాటా ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతబడింది. నేనప్పుడు అయిదో తరగతి. ఆ తరువాత ఒకటి రెండేండ్లు దూరపు ఫ్యాక్టరీకి చెరకు కొట్టినాము గాని గిట్టుబాటు కాలేదు. చెరకు తీసి వరి వేసినాము. రుద్రూరులో చెరకు, వరి పరిశోధనా స్థానం ఉన్నది. బోర్డు మీద రెండు పంటల పేర్లూ ఉన్నాయి. మా చేన్లలో మాత్రం ఒకటి పోయి ఒకటి మిగిలింది.

చెప్పవచ్చేదేమంటే, మా చలికాలమే మారిపోయింది. ఎండిన తోవ మీద ట్రాలీ లాగే నెలల్లో ఇప్పుడు యాసంగి నాట్ల కోసం బురదలో కరిగెట చేయవలసి వచ్చింది. పని మారింది గాని మా ట్రాక్టరు చక్రాలు మారలేదు. ఆరేడేండ్లు బాపు కేజీవీల్సు ఉన్న ట్రాక్టరును గంట కిరాయికి మాట్లాడుకొన్నాడు. కిరాయి ఏటేటా పెరుగుతుంటే, మన ట్రాక్టరుతోనే మన మడి దున్నుకుందామని పోయిన యాసంగికి ముందు నిశ్చయించుకొన్నాడు.

పట్నం మిత్రుల కోసం కేజీవీల్సు గూర్చి నాలుగు మాటలు. ఇవి ఇనుప పట్టీలతో పంజరం మాదిరిగా చేసిన చక్రాలు. టైరు విప్పేసి దాని స్థానంలో బిగించేవి ఫుల్లు, టైరు పక్కన రిమ్ముకు బిగించేవి హాఫు. కరిగెటలో పైన బురద ఉంటుంది, కింద గట్టి పొర ఉంటుంది. టైరు బటన్ల మధ్య సందుల్లో బురద నిండితే టైరు నున్నని రోలు మాదిరిగా తిరుగుతుంది. పంజరం ఖాళీగా ఉంటుంది కనుక బురద జారిపోతుంది, పట్టీలు కిందికి దిగి గట్టి పొరను పట్టుకొంటాయి. కాని తారు రోడ్డు మీదికి ఇవి రాగూడదు. వస్తే రోడ్డు పెళ్ళలు పెళ్ళలుగా లేస్తుంది.

ఇక నా సంగతికి వస్తాను. మా పెద్దనాయన కొడుకు కెనడాలో మాంట్రియల్ నగరంలో చదువుకొంటూ పనిచేస్తున్నాడు. అన్న అక్కడ సెకండ్‌హ్యాండులో ఒక ఎర్రని స్పోర్ట్సు కారు కొన్నాడు. ఫొటోలు పంపినాడు. 18 అంగుళాల అల్లాయ్ చక్రాలు, వాటికి పట్టీ అంటించినట్టు వెడల్పైన పలుచని టైర్లు. ఆ ఫొటోలు ఎన్నిసార్లు చూసినానో చెప్పలేను. మా ఊళ్ళో నా ఈడు వాళ్ళ ట్రాక్టర్లకు పాటల పెట్టెలు, రంగు లైట్లు, వెడల్పు టైర్లు ఉన్నాయి. మాది ఒక్కటే ముసలి ఎద్దు మాదిరిగా ఉన్నదని నాకు లోపల్లోపల సిగ్గు.

సోయా అమ్మిన పైసలు 40 వేలు బాపు చేతిలో ఉన్నాయి. పాత టైర్లకు రీబటన్ వేయించి, ఒక జత హాఫ్ కేజీవీల్సు తీసుకోవాలని ఆయన లెక్క. ఇద్దరం నిజామాబాద్ వచ్చినాము. బోధన్ రోడ్డున ఒక టైర్ల దుకాణంలో, పెద్ద ట్రాక్టరుకు విప్పిన 16.9-28 టైర్లు రిమ్ములతో సహా కనబడినాయి. బటన్లు సగం అరిగినాయి గాని చూపుకు దర్జాగా ఉన్నాయి. నేను అక్కడే ఆగిపోయినాను.

"గివి బురదల ఆగుతయారా?" అన్నాడు బాపు.

"ఎందుకాగయి బాపు? ఎడల్పు ఎక్కువుంటె పట్టు ఎక్కువుంటది. మేం ఫిజిక్స్‌ల సదువుకున్నం" అన్నాను.

దుకాణం భాయ్ ముసలాయన. టైరు మీద చెయ్యి వేసి, "పటేలా, రోడ్డుకైతే మస్తుగుంటయి. కరిగెటకైతే నేను జెప్ప" అన్నాడు. అమ్ముకునేవాడే వద్దంటున్నాడంటే నాకు బుద్ధి రావలసింది. రాలేదు. వైశాల్యం, పీడనం అని ఒక కాగితం మీద లెక్క గీసి చూపించినాను. బాపు ఆ కాగితాన్ని చాలాసేపు చూసినాడు. ఆయన చదివింది ఏడో తరగతి. కొడుకు డిగ్రీ చదువుతున్నాడు. పైసలు తీసి లెక్కపెట్టి ఇచ్చినాడు.

దాచకుండా ఒక మాట చెప్తాను. ఘర్షణ బలం తాకే తలాల వైశాల్యం మీద ఆధారపడదని ఇంటర్ పుస్తకంలో ఉన్నది. రబ్బరు ఆ సూత్రానికి పూర్తిగా లొంగదనుకోండి. అయినా ఆ రోజు నేను చెప్పింది ఏ పుస్తకంలోనూ లేదు. నాకు ఆ టైర్లు కావాలి, అందుకు ఫిజిక్సును సాక్షిగా పిలిచినాను. అంతే.

జనవరి మొదటి వారంలో కరిగెట పెట్టినాము. తెల్లవారుజామున చలికి చేతులు కొంకర్లు పోతున్నాయి. బాపు ట్రాక్టరు మీద. అమ్మ నారు కట్టలతో ఒరం మీద. నేను అన్నకు పంపుదామని ఫోనుతో వీడియో తీస్తున్నాను. పై మళ్ళు రెండూ బాగానే అయినాయి. కింది మడిలో ఎప్పుడూ ఊట ఉంటుంది. అందులో నాలుగు గజాలు పోయేసరికి టైర్ల సందులు నిండి, వెనక చక్రాలు ఉన్నచోటనే తిరిగి దిగిపోయినాయి. బాపు దిగి చూసి, గట్టు మీది తుమ్మ మొద్దు తెచ్చి రెండు చక్రాలకు అడ్డంగా గొలుసుతో కట్టినాడు. ఊళ్ళో అందరూ చేసే పనే. మళ్ళీ ఎక్కి రేసు ఇచ్చినాడు.

చక్రాలు తిరగలేదు. ముందు చక్రాలు లేచినాయి. మొదట జానెడు, తరువాత మనిషెత్తు. అమ్మ "క్లచ్చి, క్లచ్చి!" అని అరిచిన అరుపు నా చెవిలో ఇంకా ఉన్నది. అమ్మ ఎన్నడూ ట్రాక్టరు నడపలేదు. బాపు కాలు క్లచ్ మీద పడింది. ముందు భాగం ధడేలున కింద పడింది. స్టీరింగు గిర్రున తిరిగి ఆయన ఎడమ చేతి మణికట్టు విరిగింది. అంతటితో పోయింది. వీడియో 11 సెకన్లు.

తరువాత నేను ఆ సంగతి మీద చదువుకొన్నాను. ఇంజన్ శక్తి ఇరుసు ద్వారా చక్రాలను తిప్పుతుంది. చక్రాలు కదలకుండా కట్టేస్తే ఆ శక్తి ఊరుకోదు, ఇరుసు చుట్టూ ట్రాక్టరు శరీరాన్నే తిప్పుతుంది. ముక్కు లేస్తుంది. గరిమనాభి ఇరుసును దాటి వెనక్కి పోయిందంటే ఇక క్లచ్ తొక్కినా లాభం లేదు, నడిపేవాడి మీద బోర్లా పడుతుంది. అంతా ఒకటి రెండు సెకన్ల పని. భ్రామకం పాఠంలో నాకు మంచి మార్కులే వచ్చినాయి.

బాపు చేతికి ఆరు వారాలు కట్టు. ట్రాక్టరును ఇంకొక ట్రాక్టరు వెనక నుంచి లాగింది. మిగిలిన కరిగెట కిరాయి ట్రాక్టరుతోనే అయింది. నాట్లు ఆలస్యమైనాయి. నేను కొన్నాళ్ళు కాలేజీ మాని పొలం చూసుకొన్నాను. ఇంట్లో ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. బాపు ఒకనాడు అన్నం తింటూ, కట్టు ఉన్న చేతిని చూసుకొని, "కాయిదం మీద నేల లేకపాయెరా" అన్నాడు. తిట్టినట్టు కూడా కాదు. లెక్కలో ఒక అంకె మరిచిపోయినామన్నట్టు అన్నాడు.

అన్నకు ఫోనులో చెప్పినాను. చాలాసేపు మాట్లాడకుండా ఉండి, తన సంగతి చెప్పినాడు. అక్కడ మొదటి మంచు నవంబరులోనే పడిందట. ఎర్ర లైటు చూసి బ్రేకు తొక్కితే కారు ఆగకుండా జారుతూ పోయి కాలిబాట ఎక్కింది. బస్సు కోసం నిలబడిన ఇద్దరు వెనక్కి గెంతినారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. అల్లాయ్ చక్రం ఒకటి పగిలింది. "ఫొటోలు పంపిన గని గిది ఎవలకు చెప్పలేదురా" అన్నాడు. మా ఇద్దరి ఫోన్లలోనూ ఒకరికి పంపనిది ఒకటి ఉన్నదని అప్పుడు తెలిసింది.

అన్న చెప్పినవి, నేను చదివినవి కలిపి చెప్తాను. మామూలు వేసవి టైరు రబ్బరు సుమారు 7 డిగ్రీల సెంటీగ్రేడు కిందికి పోతే గట్టిపడి, తోవను పట్టుకొనే గుణం పోగొట్టుకొంటుంది. మన నిజామాబాద్‌లో ఎంత చలి వేసినా పగటి పూట ఆ చిక్కు రాదు. వాళ్ళకు సున్నాకు 20 డిగ్రీలు దిగువకు పోతుంది. అందుకని సిలికా కలిపి, చలిలో కూడా మెత్తగా ఉండే రబ్బరుతో చలికాలపు టైర్లు చేస్తారు. బటన్ల మీద బ్లేడుతో కోసినట్టు సన్నని చీలికలు వందల కొద్దీ ఉంటాయి. అవి మంచును కరుచుకొంటాయి. ఇటువంటి టైరును మొదట లారీల కోసం 1934లో ఫిన్లాండులో తయారుచేసినారు. అన్న ఉండే క్విబెక్ రాష్ట్రంలో డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా ఈ టైర్లు లేకుండా కారు నడపడం నేరం. మూడు శిఖరాల కొండ, అందులో మంచు రేకు, ఈ గుర్తు టైరు పక్క మీద ఉన్నదా లేదా అని చూస్తారు.

నాకు ఆశ్చర్యం కలిగించింది వేరే ఉన్నది. చలికాలానికి అన్న వెడల్పు తగ్గించినాడు. ఆయన కారు టైరు 225/40 ఆర్ 18. అంటే వెడల్పు 225 మిల్లీమీటర్లు, పక్క ఎత్తు అందులో 40 శాతం, అంటే 90 మిల్లీమీటర్లు, రిమ్ము 18 అంగుళాలు. మొత్తం ఎత్తు సుమారు 637 మిల్లీమీటర్లు. దాని బదులు సాదా ఇనుప రిమ్ముల మీద 205/55 ఆర్ 16 తీసుకొన్నాడు. మొత్తం ఎత్తు 632. ఎత్తు దాదాపు అంతే ఉండాలి, లేకుంటే స్పీడు చూపే ముల్లు అబద్ధం చెబుతుంది. చిన్న రిమ్ము బ్రేకు సామానుకు తగలకుండా ఉన్నదా అని కూడా చూసుకోవాలి. సన్నని టైరు మెత్తని మంచును కోసుకొంటూ కింది గట్టి తోవను అందుకొంటుంది. పక్క ఎత్తు ఎక్కువైతే గుంతల్లో రిమ్ము పగలదు. నాలుగూ ఒకే రకం వేయాలి. ముందు రెండే మార్చి ఊరుకొంటే మలుపులో కారు వెనక భాగం జారి గిరగిర తిరుగుతుంది. "ఇప్పుడు నా కారు సూస్తె నవ్వుతవురా, నల్ల ఇనుప చక్రాలు" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. వాళ్ళకు పైన మంచు, కింద తారు. మాకు పైన బురద, కింద గట్టి పొర. చక్రం అందుకోవలసింది కిందిదాన్నే.

టైరులో గాలి నింపి నడిపే విద్య 1888లో డన్‌లప్ అనే పశువైద్యుడు తన కొడుకు మూడు చక్రాల సైకిలు కోసం చేసిన ప్రయత్నంతో వాడుకలోకి వచ్చింది. ట్రాక్టర్లకు మాత్రం గాలి టైర్లు 1932 ప్రాంతంలో గాని అమెరికాలో రాలేదు. అంతదాకా ఇనుప చక్రాలే. పొలానికి ఇనుము, రోడ్డుకు రబ్బరు. రెండిట్లో ఒకటి పాతది, ఒకటి కొత్తది అని నేననుకొన్నాను. ఒక్కొక్కదానికి ఒక్కొక్క నేల ఉన్నదని తాతకు తెలుసు.

ఈ ఏడు దసరా కాగానే మళ్ళీ అదే దుకాణానికి పోయినాము. భాయ్ నన్ను గుర్తుపట్టినాడు గాని ఏమీ అనలేదు. వెడల్పు టైర్లను నష్టానికి తిరిగి ఇచ్చినాము. 13.6-28 కొత్త టైర్లు, బటన్లు లోతుగా ఉన్నవి, అప్పు చేసి తీసుకొన్నాము. ఒక జత పాత హాఫ్ కేజీవీల్సు, వెల్డింగు పగుళ్ళు లేనివి, నేనే ఒక్కొక్క పట్టీని తట్టి చూసి ఎంచినాను. ముందు బంపరుకు బరువు దిమ్మెలు పెట్టించినాము. ముక్కు లేవకుండా అవి కాపు. పొలంలో వెనక టైర్లకు గాలి 12 పౌండ్లు, ట్రాలీ కట్టినప్పుడు ఎక్కువ. టైర్లలో ముప్పాతిక వంతు నీళ్ళు నింపితే బరువు పెరిగి పట్టు వస్తుంది. చలి దేశాల్లో ఆ నీళ్ళు గడ్డకట్టకుండా కాల్షియం క్లోరైడు కలుపుతారట. మాకు ఉత్త కాలువ నీళ్ళే చాలు.

కేజీవీల్సును ట్రాలీలో వేసుకొనిపోయి ఒరం దగ్గర బిగించుకొంటాము. పని కాగానే విప్పి మళ్ళీ ట్రాలీలో వేస్తాము. బోల్టులు విప్పి బిగించేసరికి గంట పడుతుంది. ఆ గంట దండుగని రోడ్డు మీదనే నడుపుకొని పోయేవాళ్ళు మా ఊళ్ళో ఉన్నారు. మా ఊరి రోడ్డు చూస్తే ఎంతమంది ఉన్నారో తెలుస్తుంది. మొదటిరోజు బిగిస్తుంటే తాత కర్ర పట్టుకొని వచ్చి, ఒరం మీద కూర్చొని చూసినాడు. కింది మడి దాటేదాకా కూర్చొనే ఉన్నాడు. దాటిన తరువాత లేచి ఇంటికి పోయినాడు.

రోజూ బస్సులో బోధన్ నుంచి నిజామాబాద్ వస్తుంటే శక్కర్‌నగర్ కనబడుతుంది. ఫ్యాక్టరీ మళ్ళీ తెరుస్తారన్న మాట చిన్నప్పటి నుంచి వింటున్నాను. తెరిస్తే మంచిదే, మా చలికాలం మళ్ళీ మారుతుంది, అప్పుడు ఆ నేల చూసుకొని చక్రాలు ఎంచుకొంటాము.

మిత్రులారా, మనలో చాలామంది ఇండ్లలో ట్రాక్టరు ఉన్నది. సంక్రాంతికి ఇంటికి పోయేటప్పుడు ఈ సంచిక తీసుకొనిపోయి, నేను వ్రాసిన తక్కినదంతా చదవకున్నా సరే, ఈ నాలుగు ముక్కలు మీ బాపుకో, కాకకో చదివి వినిపించండి. ట్రాక్టరు దిగబడితే చక్రాలకు మొద్దు కట్టవద్దు. రివర్సులో మెల్లగా వెనక్కి తీయండి. రాకపోతే దిగి, ఇంకొక ట్రాక్టరుతో వెనక నుంచి లాగించండి. ముక్కు లేచినట్టు అనిపిస్తే మొదట క్లచ్ తొక్కండి. ఆ 11 సెకన్ల వీడియో నా ఫోనులో ఇంకా ఉన్నది. చూడాలనుకున్నవాళ్ళకు చూపిస్తాను.

— బి.యస్సీ., తృతీయ సంవత్సరం